1939 రూపాయి: చుక్క నిజం, వెండి నిజం, తొమ్మిది అబద్ధం

ఈ కేసు జరిగి మూడేళ్లు కావస్తోంది. ఇందులోని పెద్దాయన సరేనన్నాకే రాస్తున్నాను. ఆయన వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. నాణెం అమ్మిన మనిషి గురించి అవసరానికి మించి ఒక్క ముక్క కూడా రాయను. పెద్దాయన మోసపోయింది నేను పరీక్ష చేసి "బాగుంది" అన్న తరవాత. అందుకే ఇది రాయక తప్పడం లేదు.

నేను నాణేల వ్యాపారిని కాను. చెన్నైలో ఉంటూ ఇరవై ఏళ్లకు పైగా బ్రిటిష్ కాలం వెండి నాణేలు పోగేస్తున్నాను. ఆదివారాల్లో తెలిసినవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు నాణేలు తెచ్చి చూపిస్తారు. చూసి చెబుతాను, డబ్బు తీసుకోను. డబ్బు తీసుకోకపోతే తప్పు చెప్పినా బాధ్యత ఉండదని లోపల ఎక్కడో ఒక ధీమా ఉండేది. అది ఈ కేసుతో పోయింది.

ఆ పద్నాలుగు గళ్లు

ఆయన్ని బాబాయి అంటాను. ఇంట్లో కూడా అలాగే పిలుస్తాను. వాళ్లది గూడూరు వైపు కుటుంబం, మూడు తరాల కింద మద్రాసు వచ్చి ఉత్తర చెన్నైలో స్థిరపడింది. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం. రిటైరయ్యాక వాళ్ల నాయనమ్మ డబ్బా తెరిస్తే అందులో పన్నెండు వెండి రూపాయలు దొరికాయి. సగానికి పైగా నాణేలకు అంచు మీద కొండీ అతికించి తీసిన మచ్చలున్నాయి. ఎప్పుడో కాసుల పేరులో ఉండి, ఏదో అవసరానికి దండ తెంపేస్తే మిగిలినవన్నమాట. వాటిని చూస్తూ చూస్తూ ఆయన ఈ పిచ్చిలో పడ్డారు.

మొదటి రెండేళ్లు దొరికిందల్లా కొన్నారు. ఒక హద్దు పెట్టుకోమని నేనే చెప్పాను. ఆయన ఎంచుకున్నది బొంబాయి చుక్క సెట్టు. అయిదో జార్జి, ఆరో జార్జిల వెండి రూపాయల్లో బొంబాయి టంకశాలవి ఏడాదికొకటి.

కొత్తవాళ్ల కోసం కాస్త వివరంగా చెబుతాను. ఆ రోజుల్లో కలకత్తా టంకశాల రూపాయి మీద తన గుర్తు ఏదీ వేసుకునేది కాదు. అయిదో జార్జి రూపాయిని బొరుసు వైపు తిప్పి, అడుగున ఉన్న తామర పువ్వు కింద చూస్తే, బొంబాయిదైతే ఆవగింజలో నాలుగో వంతు ఉబ్బెత్తు చుక్క కనబడుతుంది. అంతే తేడా. తరవాత 1943లో యుద్ధం ఒత్తిడిలో లాహోరులో టంకశాల తెరిచినప్పుడు దానికి ఎల్ అక్షరం ఇచ్చారు. అంతకు చాలా ముందు, ఆర్కాటు పేరు మీద కొట్టిన రూపాయల కాలంలో, తామర పువ్వు ఉంటే మద్రాసు ఇంగ్లీషువాళ్లది, నెలవంక ఉంటే పుదుచ్చేరి ఫ్రెంచివాళ్లది. మనం రోజూ తిరిగే మింట్ స్ట్రీటును అరవంలో తంగసాలై అంటారు. బంగారం వీధి కాబోలు అనుకుంటారు చాలామంది. అది మన టంకశాలే. జార్జిల కాలానికి అక్కడ నాణేలు కొట్టడం ఎప్పుడో ఆగిపోయింది, పేరు మాత్రం వీధికి మిగిలింది.

1911 నుంచి 1922 దాకా పన్నెండు ఏళ్లు. ఆ తరవాత చలామణికి రూపాయి నాణెం మళ్లీ 1938లోనే. దాని వెనక 1939. మొత్తం పద్నాలుగు గళ్లు. బాబాయి వాళ్ల మనవరాలు అట్టముక్క మీద స్కేలు పెట్టి గళ్లు గీసి, కింద సంవత్సరాలు రాసింది.

పద్నాలుగింటిలో చాలావరకు చవకే. 1918, 1919 తేదీలవైతే గుట్టలుగా దొరుకుతాయి. మొదటి యుద్ధంలో రూపాయలకు వెండి చాలక, 1918లో అమెరికా పిట్‌మన్ చట్టం చేసి దాదాపు 26 కోట్ల డాలర్ నాణేలు కరిగించి ఆ వెండిని బ్రిటిష్ వాళ్లకు అమ్మింది. అది మన దగ్గర రూపాయలైంది. 1911కు ఒక కథ ఉంది. రాజుగారి అంగీ మీద ఏనుగు బొమ్మ తొండం పొట్టిగా పడి పందిలా కనిపించిందని గొడవైంది, 1912కల్లా బొమ్మ సరిచేశారు. 1921, 1922 కాస్త వెతకాలి. చివరి గడి దగ్గర మాత్రం అందరూ ఆగిపోతారు.

1939 యుద్ధం మొదలైన ఏడాది. జనం వెండి దాచుకోవడం మొదలుపెట్టారు. 1940లో ప్రభుత్వం రూపాయిలో వెండిని నూటికి 91.7 పాళ్ల నుంచి సరిగ్గా సగానికి దించింది. మంచి వెండి రూపాయలను విడతలవారీగా చెల్లవని ప్రకటించి వెనక్కి తీసుకుంది. విక్టోరియావి 1941లో, ఎడ్వర్డువి 1942లో, జార్జిలవి 1943లో చెల్లుబాటు పోయాయి. వెనక్కి వచ్చినవి కొలిమికి పోయాయి. 1939 తేదీతో, చుక్కతో, మంచి వెండితో ఉన్న రూపాయి అందుకే గగనకుసుమమైంది. 1938 మాత్రం మామూలు ధరకే దొరుకుతుంది. రెండిటికీ వెండి ఒకటే, రాజుగారి ముఖం నమూనా ఒకటే, అంచు గీతలు ఒకటే. తేడా అంతా ఒక్క అంకెలో ఉంది. ఈ వాక్యం రాస్తుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది. ఇదంతా ఆ ఆదివారం పొద్దున కూడా నాకు తెలుసు.

ఆదివారం

బాబాయి ఫోన్ చేసి "ఏందబ్బయా, ఇంట్లో ఉండావా? చివరి గడి నిండింది" అన్నారు. అరగంటలో వచ్చేశారు, పిన్ని గారు కూడా. జేబు రుమాలులో ప్లాస్టిక్ కవరు, అందులో నాణెం. ఒక మధ్యవర్తి ద్వారా వచ్చిందట. ఆయన ఏడాది పైగా పెన్షన్‌లో దాచిన సొమ్ము దాని ధర. సగం ఇచ్చేశారు. మిగతా సగం ఆ సాయంత్రం ఇవ్వాలి. "నువ్వు చూసి సరేనంటే ఇస్తానని చెప్పి తెచ్చినా" అన్నారు.

ముందు ఫోటోలు తీశాను. ఇది నా పాత అలవాటు. ఏ నాణెమైనా చేతిలోకి తీసుకునే ముందు రెండు వైపులా తిన్నగా ఒకటి, పక్క వెలుతురులో ఒకటి. ఆ తరవాత తూకం: 11.61 గ్రాములు. రూపాయి అసలు తూకం 11.66. పాత తులం అదే, మన పెద్దవాళ్లు 'రూపాయి ఎత్తు' అన్నది అదే. చలామణిలో కొద్దిగా తిరిగిన నాణేనికి అయిదు సెంటీగ్రాముల అరుగుదల సహజం. తరవాత అంచు. 1940 నుంచి వచ్చిన సగం వెండి రూపాయలకు అంచు మధ్యలో గాడి, అందులో నగిషీ ఉంటాయి. దీనికి మామూలు నిలువు గీతలే. అవి చుట్టూతా ఒకే లోతులో ఉన్నాయి, అతుకు లేదు.

తరవాత నీళ్ల పరీక్ష. ఇది ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు. బంగారం కొట్లలో వాడే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు మీద గ్లాసుడు నీళ్లు పెట్టి సున్నా చేయాలి. నాణేన్ని సన్నటి దారానికి కట్టి, అడుగునా పక్కలా తగలకుండా నీళ్లలో పూర్తిగా మునిగేలా చేత్తో వేలాడదీయాలి. అప్పుడు త్రాసు చూపించే అంకెతో నాణెం మామూలు తూకాన్ని భాగించాలి. మూడుసార్లు చేశాను. రెండుసార్లు 1.12, ఒకసారి 1.13. భాగిస్తే 10.3 దగ్గర తేలింది. 91.7 పాళ్ల వెండి, మిగతా రాగి అయితే అంతే రావాలి. సగం వెండిదైతే త్రాసు 1.2 దాటేది.

లూపు (చిన్న భూతద్దం) పెట్టి చుక్క చూశాను. ఉబ్బెత్తుగా, గుండ్రంగా, పక్కనున్న పువ్వుతో సమానంగా అరిగి ఉంది. తరవాత అతికించిన చుక్కయితే మొదట్లో సన్నటి గాడి గానీ టంకం మరక గానీ కనిపించాలి. ఏమీ లేదు.

"బాగుంది బాబాయ్" అన్నాను. పిన్ని గారు నాణేన్ని కళ్లకద్దుకుని దేవుడి గదిలో పెట్టొస్తానన్నారు. కాఫీలు తాగాం.

నా తప్పు ఎక్కడుందో ఇక్కడే చెప్పాలి. ఆ మూడు నాలుగేళ్లలో నా దగ్గరికి వచ్చిన నకిలీలన్నీ పోత నాణేలు, లేదా వేరే లోహంలో అచ్చు గుద్దినవి. తూకం తేడా, అంచులో అతుకు, ఒంటి మీద చిన్న బుడగలు, సబ్బులా మొండి అక్షరాలు. నా పరీక్షల వరస వాటికి అలవాటు పడిపోయింది. అవన్నీ 'ఇది నిజమైన బొంబాయి రూపాయేనా' అన్న ప్రశ్నకు జవాబులు. ఆ ప్రశ్నకు వచ్చిన జవాబు కూడా కరెక్టే. అడగాల్సింది 'ఇది 1939దేనా' అని. సంవత్సరాన్ని చదివాను గానీ చూడలేదు. సాయంత్రం డబ్బు కట్టాలన్న తొందర, ఎదురుగా ఇద్దరు పెద్దవాళ్ల సంతోషం కూడా కొంత పని చేశాయి.

రాత్రి పదకొండు

ఆ రాత్రి ఫోటోలు కంప్యూటర్‌లో ఎక్కిస్తున్నాను. పక్క వెలుతురు ఫోటోను పెద్దది చేస్తే చివరి తొమ్మిదికి ఎడమ దిగువన చిన్న మెరుపు. నాణెం అంతా ఏళ్ల తరబడి పట్టిన లేత బూడిద రంగు, అంచుల దగ్గర కాస్త నీలం. ఆ ఒక్కచోట మాత్రం పొగ పట్టిన గోడ మీద క్యాలెండర్ తీసేస్తే కనిపించే మచ్చలాంటి తెలుపు. అందులో ఒకే దిశలో సన్నటి గీతలు.

పూర్తిగా తేలేదాకా ఆగాలా, వెంటనే చెప్పాలా? ఆగితే నా పరువు దక్కుతుంది. పొద్దునే ఇంకోసారి చూసి, తప్పయితే నోరు మూసుకోవచ్చు. కానీ ఆయన చేతిలో ఉన్న ఆయుధం ఆ మిగతా సగం డబ్బే. అది దాటిపోతే మాట వినేవాడుండడు. అందుకని ఫోన్ చేశాను. "బాబాయ్, మిగతా డబ్బు ఇచ్చేశారా?" ఏడు గంటలకే ఇచ్చేశారు. ఆలోచన సరైందే, నాలుగు గంటలు ఆలస్యమైంది.

అనుమానం ఉందని చెప్పాను, ఎందుకో చెప్పాను, నాణేన్ని ఏమీ చేయొద్దన్నాను. ఫోన్‌లో చాలాసేపు చప్పుడు లేదు. తరవాత ఆయన గొంతు తగ్గించి అన్నారు: "మీ పిన్ని సాయంత్రమే విభూతి పెట్టి తోమిందబ్బయా. దేవుడి దగ్గర పెట్టే వెండి గదా, నల్లగా ఉందని."

పనికిరానివి

మర్నాడు నాణెం తళతళలాడుతోంది. బూడిద రంగు లేదు, తెల్ల మచ్చా లేదు. ఒంటి నిండా విభూతి గీతలు. తొమ్మిది పక్కనున్న గీతలు వాటిలో కలిసిపోయాయి. ఉన్న సాక్ష్యంలో సగం పోయింది. మిగిలింది నా దగ్గరున్న ఫోటోలే.

బాబాయి వాళ్లబ్బాయి ఒక సలహా చెప్పాడు: షావుకారుపేటలో మెషిన్ మీద పెట్టిద్దాం అని. నగల కొట్లలో బంగారం నాణ్యత చూసే ఎక్స్‌రే మెషిన్ అది. దీనివల్ల ఏమీ తేలదని తెలిసినా సరేనన్నాను. ఆ కుటుంబానికి ఏదో ఒకటి చేస్తున్నామన్న ఊరట కావాలి. అది మంచి నిర్ణయం కాదని ఇప్పుడనిపిస్తోంది. మెషిన్ వెండి 92.4 అని చీటీ ఇచ్చింది. పాత నాణేల పై పొరలో రాగి కొంత పోయి వెండి శాతం కాస్త ఎక్కువ చూపడం మామూలే. ఆ చీటీ చూసి అబ్బాయి "ప్యూర్ వెండే కదా అంకుల్, ఇంకేంటి?" అన్నాడు. నిజమైన 1938 రూపాయిని చెక్కి 1939 చేస్తే అది ఏ మెషిన్ మీదైనా నిజమైన వెండే చూపిస్తుందని చెప్పి ఒప్పించడానికి గంట పట్టింది. తప్పు ప్రశ్నకు వచ్చిన సరైన జవాబు ఆ మెషిన్ చీటీ రూపంలో ఇంకా ఆ ఇంట్లో ఉంది.

నాణేలను పరీక్షించి సీలు చేసిన డబ్బాలో ఇచ్చే సంస్థలకు పంపుదామా అని కూడా ఆలోచించాం. సూత్రప్రకారం అదే మేలు. కానీ అమ్మినాయన నోటిమాటగా ఇచ్చిన గడువు పది రోజులు. పంపి రావడానికి అంతకంటే చాలా ఎక్కువ పడుతుంది. తోమిన నాణెమని మొదటి వరుసలోనే రాసి పంపినా పంపుతారు. వద్దనుకున్నాం.

రెండు తొమ్మిదులు

పని చేసింది చాలా చిన్న విషయం. 1939లో తొమ్మిదులు రెండున్నాయి. ఒకే అచ్చులో ఉన్న రెండు తొమ్మిదులు అన్నదమ్ముల్లా ఉండాలి. మధ్యలో మూడు ఉంది గనక కంటికి ఆ పోలిక వెంటనే తట్టదు.

నా దగ్గరున్న చుక్క 1938 రూపాయిని పక్కన పెట్టాను. టేబుల్ లైటు ఆపేసి, ఫోన్ టార్చిని టేబుల్‌కు ఆనించి వెలుతురు పక్క నుంచి పాకేలా పట్టుకున్నాం. పై నుంచి లైటు వేస్తే మెరుపు తప్ప ఏమీ కనబడదు. పక్క నుంచి వేస్తే ప్రతి ఎత్తుకూ నీడ పడుతుంది. బాబాయి చేతికి లూపు ఇచ్చి "మొదటి తొమ్మిది తల ఎంతుందో చూడండి, తరవాత రెండోది చూడండి" అన్నాను.

ఎనిమిదికి పై సున్నా చిన్నది, కింది సున్నా పెద్దది. తొమ్మిదికి తలే పెద్దది, కింద తోక. ఎనిమిది కింది సున్నాలో ఎడమ భాగం గీకేస్తే తొమ్మిదిలాంటిది వస్తుంది గానీ తల మాత్రం ఎనిమిది తలంతే చిన్నగా మిగులుతుంది. లోహం తీసేయొచ్చు, తలను ఉబ్బించలేరు. ఈ నాణెంలో మొదటి తొమ్మిది తల నిండుగా ఉంది. చివరి తొమ్మిది తల అందులో మూడో వంతు తక్కువ. తోక చివర మొదటిదానిలా గుండ్రంగా ముగియలేదు, కోసినట్టు మొండిగా ఆగింది. గీకిన చోట నేల చుట్టుపక్కల కంటే వెంట్రుకవాసి పల్లం. విభూతికి రంగు పోయింది గానీ పల్లం పోలేదు. నా 1938 ఎనిమిది పై సున్నాతో పోలిస్తే అచ్చు గుద్దినట్టు సరిపోయింది.

బాబాయి చాలాసేపు చూశారు. లూపు కింద పెట్టి "ఏం పనితనం రా" అన్నారు. కోపం కంటే ముందు వచ్చిన మాట అది.

అప్పుడు కూడా నా మాట ఒక్కటే చాలదనుకున్నాను. ఒకసారి తప్పు చెప్పినవాడిని. ఈసారి తప్పు వెతుకుతున్నాను గనక దొరికిందేమో అన్న అనుమానం నాకే ఉంది. అందుకని ఇద్దరు పాత సేకర్తలకు నాణేన్ని విడివిడిగా ఇచ్చి, ఏ అనుమానమో చెప్పకుండా చూడమన్నాను. మొదటాయన తూకం, అంచు, చుక్క చూసి బాగుందన్నారు. నేను చేసిన వరసే! రెండో ఆయన త్రాసు తీయనే లేదు. కిటికీ దగ్గరికి వెళ్లి నాణేన్ని అటూ ఇటూ వంచి "తేదీ ఎవరు దిద్దారు?" అన్నారు. ఆయన కుర్రతనంలో మద్రాసులో పాత వస్తువుల బజారైన మూర్ మార్కెట్‌లో తిరిగిన మనిషి. ఇలాంటి దిద్దుళ్లు చూసి ఉన్నారు. మూర్ మార్కెట్ 1985లో కాలిపోయింది. ఆ కళ్లు మాత్రం ఇంకా కొందరికి మిగిలాయి.

డబ్బు

నకిలీ అని తేలడం ఒక ఎత్తు, డబ్బు రావడం ఇంకో ఎత్తు. అబ్బాయి పోలీసు కంప్లయింట్ అన్నాడు. నేను ముందు కాగితం అన్నాను. అమ్మినాయనకు తెలిసే అమ్మాడో, ఆయన్నీ ఎవరైనా ముంచారో మాకు తెలీదు. దొంగ అని మొదటి మాటలోనే అంటే అవతలివాడికి వాదించడం తప్ప దారి ఉండదు. అందుకని ఒకే పేజీ రాశాను. అందులో 'నకిలీ' అన్న మాట లేదు. మొదటి తొమ్మిది తల ఇంత, చివరిది ఇంత, నేల ఇక్కడ పల్లం, ఫోటోలు ఇవి. కింద ఒక్క వాక్యం: మీరు కూడా పక్క వెలుతురులో చూసి చెప్పండి.

జవాబు రెండు రోజులకు వచ్చింది. "నేనిచ్చిన కాయిన్ ఇది కాదు. నాది నల్లగా, ఒరిజినల్ టోనింగ్‌తో ఉండింది. ఇది పాలిష్ చేసిన వేరే కాయిన్."

న్యాయమైన మాటే. ఆయన స్థానంలో నేనున్నా అదే అడుగుతాను. విభూతి అసలు దెబ్బ ఇక్కడ కొట్టింది.

అప్పుడు బాబాయి ఫోన్‌లో అమ్మినాయనే ముందు పంపిన ఫోటో వెతికాం. పెద్దగా స్పష్టత లేదు. తేదీ దగ్గర ఏమీ తేలదు. కానీ బొమ్మ వైపు, కిరీటానికి కాస్త కుడివైపున అంచు పట్టీ మీద గోటితో నొక్కినట్టు ఒక చిన్న గంటు ఉంది, దాని పక్కనే వాలుగా గీత. నా ఆదివారం ఫోటోలో అదే గంటు, అదే గీత. తోమిన తరవాత తీసిన ఫోటోలోనూ అదే. మూడు ఫోటోలు ఒకే సైజులో పక్కపక్కన పెట్టి పంపాం. రంగు మారుతుంది, గంటు మారదు. దీనికి ఆయన వాదించలేదు.

నాణెం వెనక్కిచ్చాం, మూడింట రెండు వంతుల డబ్బు రెండు విడతల్లో తిరిగి వచ్చింది. మిగతాదానికి బదులు అరిగిన అయిదో జార్జి రూపాయల లాటు ఒకటి ఇచ్చారు. కోర్టుకెళ్తే మొత్తం వచ్చేదేమో. బాబాయి వద్దన్నారు. "బీపీ మాత్రలకు అయ్యే ఖర్చు కూడా లెక్కేసుకోవాల గదా" అన్నారు. ఆ లాటులో సెట్టుకు పనికొచ్చింది ఒకటే, 1921 చుక్క. దాని నెత్తి మీద కొండీ మచ్చ. నాయనమ్మ డబ్బాలోని వాటికి తోడు అని దాన్నే గడిలో పెట్టుకున్నారు.

ఆ తరవాత నా పద్ధతి

నా పరీక్షల వరస తిరగేశాను. ఇప్పుడు త్రాసు చివర్లో తీస్తాను. నాణెం రాగానే ఒక చీటీ మీద ఒక ప్రశ్న రాస్తాను: దీనికి ధర దేనివల్ల వచ్చింది? బరువు వల్లా, తేదీ వల్లా, గుర్తు వల్లా? ధర ఎక్కడుందో చెయ్యి అక్కడే పడుతుంది. 1939కి ధర తేదీలో ఉంది, కాబట్టి ముందు అంకె. కలకత్తాది చవకై బొంబాయిది ఖరీదైతే ముందు చుక్క. బొంబాయిది చవకై కలకత్తాది ఖరీదైతే ఇంకో మోసం ఉంది, చుక్కను గీకేయడం. అప్పుడు లేని చుక్క కోసం చూడాలి, అంటే పువ్వు కింద నేల నున్నగా ఉందా, పల్లంగా ఉందా అని. ఇది చాలామంది మరిచిపోతారు. ఉన్న గుర్తును అనుమానిస్తాం గానీ లేని గుర్తును అనుమానించం.

1938లో చుక్క ఉన్న రూపాయీ దొరుకుతుంది, లేనిదీ దొరుకుతుంది. 1939కి మాత్రం చుక్క ఉండాలి. ఎవరో అజాగ్రత్తగా చుక్క లేని 1938ని దిద్ది ఉంటే అది నాకు ఒక్క క్షణంలో దొరికేది. ఈ దిద్దినవాడు తెలివిగా చుక్క ఉన్నదాన్నే ఎంచుకున్నాడు. ఆ చుక్క నిజమైనది కావడమే నన్ను ముంచింది. నిజమైన గుర్తు కనబడగానే నా బుర్ర మిగతా నాణేన్ని కూడా నిజమని చదివేసుకుంది.

ఇంకో రెండు మార్పులు. ఫోటోలు తీసి దాచడం కాదు, మనిషి ఎదురుగా ఉండగానే పెద్ద స్క్రీన్ మీద చూస్తాను. ఆరోజు అలా చేసి ఉంటే ఆ మెరుపు కాఫీకి ముందే దొరికేది. రెండోది, డబ్బు కట్టే రోజే నాణెం తెస్తే చూడను. రెండు రోజులు నా దగ్గర ఉంచండి, లేదంటే వేరేవాళ్లకు చూపించుకోండి అంటాను. కొందరికి కోపం వస్తుంది. రానీ.

ఇక విభూతి. పిన్ని గారు ఇప్పటికీ బాధపడుతుంటారు. వెండి కనబడితే తోమడం మన ఇళ్లలో ఆడవాళ్ల చేతికి పుట్టుకతో వచ్చిన పని. తప్పు ఆవిడది కాదు. ముట్టుకోవద్దు, తోమొద్దు అని ఆదివారమే నేను చెప్పి ఉండాల్సింది. ఇప్పుడు నాణెం తిరిగిచ్చేటప్పుడు అందరికీ చెప్పే మొదటి మాట అదే.

బాబాయి అట్టలో పదమూడు గళ్లు నిండాయి. 1939 గడిలో మనవరాలు పెన్సిల్‌తో వేసిన తొమ్మిది ఉంది, తల పెద్దగా. ఆయన ఆ నాణెం కోసం ఇప్పుడు వెతకడం లేదు. ఆర్కాటు రూపాయల మీద పడ్డారు. నెలవంకలు, తామర పువ్వులు లెక్కపెడుతున్నారు.

పోయిన వేసవిలో ఒక వాట్సాప్ గ్రూపులో 1939 చుక్క రూపాయి అమ్మకానికి వచ్చింది. చక్కగా బూడిద రంగు పట్టి ఉంది. ఆ రంగు వెండికి గంధకంతో రెండు రోజుల్లో తెప్పించవచ్చు. ధర బాబాయి ఇచ్చినదానికంటే ఎక్కువే. బొమ్మ వైపు ఫోటోను పెద్దది చేశాను. కిరీటానికి కుడివైపున అంచు మీద గోటితో నొక్కినట్టు గంటు, పక్కన వాలుగా గీత. పాత ఫోటోలు మూడూ గ్రూపు నడిపే ఆయనకు పంపాను. మర్నాటికి ఆ పోస్టు లేదు. నాణెం ఎక్కడుందో తెలీదు.